గ్రహరక్షకులను కిరాయికిచ్చిన మనిషి

మొన్న మంగళవారం కాజీపేట చౌరస్తాలో నా స్కూటర్ దానంతట అదే ఆగిపోయింది. ట్యాంకు నిండా పెట్రోలుంది, ప్లగ్గులో చెత్త లేదు, బ్రేకు నేను వేశానంటే ఇప్పటికీ ఒప్పుకోను. తలెత్తి చూస్తే కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఆయన నిలబడి ఉన్నాడు, ఎనిమిదడుగుల ఎత్తున. బతికున్నన్నాళ్ళూ చెప్పులతో కలిపి కొలిచినా ఐదడుగులు దాటని మనిషి. బొమ్మ కింద "ప్రభువునందు నిద్రించిరి" అని రాసి ఉంది. అది కూడా నాకు నమ్మబుద్ధి కాలేదు. పదిహేనేళ్ళ పరిచయంలో ఆయన రెప్ప వేయడం నేను చూసింది రెండుసార్లే. రెండుసార్లూ సూదిలో దారం ఎక్కించేటప్పుడు.

అన్నిటికన్నా నన్ను కుంగదీసింది ఆ కోటు. అది ఆయనది కాదు. ఫ్లెక్సీ కొట్టేవాడు ఏ పెళ్ళికొడుకు ఫొటోలోంచో తీసి కంప్యూటర్లో ఆయన మెడ కింద అతికించాడు. భుజం ఒకటి పైకి, ఒకటి కిందికి. కాలరుకూ మెడకూ మధ్య పిల్లి దూరేంత సందు. ఈ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డకూ కొలత చూసి బట్ట తొడిగిన మనిషికి చివరికి కొలత లేని కోటు తగిలించి స్తంభానికి కట్టారు. ఆ కోటును చూసి ఉంటే ఆయన నిద్రించేవాడు కాదు. లేచి కూర్చుని, కుట్లు విప్పదీసి మళ్ళీ కుట్టేవాడు.

హనుమకొండలో మా చీరల దుకాణం వెనక సందులో ఆయన షాపు. "అన్ని రకముల ఫ్యాన్సీ డ్రెస్సులు కిరాయికి ఇవ్వబడును" అని బోర్డు. షాపంటే అగ్గిపెట్టెకు షట్టరు బిగించినట్టు ఉండేది. అందులోనే ఇరవై ఇద్దరు గాంధీలు, పదకొండు మంది రుద్రమదేవులు, తొమ్మిది మంది కృష్ణులు, కూరగాయల మార్కెట్టంత కూరగాయలు మేకులకు వేలాడేవి. ఆగస్టు పదిహేనుకు గాంధీలందరూ బయటికి వెళ్ళాకే ఆయనకు కాళ్ళు చాపుకునే జాగా దొరికేది. స్వాతంత్ర్యం రుచి ఆయనకు ఏడాదికి ఒక్కరోజే తెలిసేదని నా అభిప్రాయం. డిసెంబరు వస్తే గొర్రెల కాపరులు, దేవదూతలు ఆయన చేతి సంచుల్లో కూర్చుని ములుగు దాకా బస్సుల్లో వెళ్ళి, పండుగ అయ్యాక ఒక్కొక్కరే రెక్కలు విరగ్గొట్టుకుని తిరిగొచ్చేవారు.

ఆయన పేరు ఫ్లెక్సీ మీద ఉంది. నేను మాత్రం రాయను. కారణం ఆయనే. ఎవరు డ్రెస్సు తీసుకుపోయినా ఆయన తన పుస్తకంలో మనిషి పేరు రాసేవాడు కాదు, డ్రెస్సు పేరే రాసేవాడు. బ్యాంకు మేనేజరు "వంకాయ నాయిన". నిండు మీసాల ఎస్సైగారు "సీతాకోకచిలుక నాయిన". నడిబజార్లో ఆ పిలుపు వినపడితే ఎస్సైగారు జీపు ఆపి, దిగి, "ఏం కాకా" అని వినయంగా అడిగేవాడు.

"మనిషి పేరు రాస్కుంటె ఏమొస్తది?" అనేవాడాయన. "ఒక్క పేరు ఊరంతటికి ఉంటది. డ్రెస్సు యాదికుంటె మనిషి యాదికుంటడు."

నా పేరు "చెట్టు నాయిన". ఎందుకో తర్వాత చెప్తాను. ఊరందరికీ ఆయన "డ్రెస్సుల కాక".

డ్రెస్సు ఇచ్చి ఊరుకునే రకం కాదు. ఏ బడిలో ఫంక్షనైనా వెనక వరసలో తలుపు పక్కన నిలబడేవాడు. కాలరుకు నల్లదారం ఎక్కించిన సూది, అది గుచ్చుకోకుండా బొటనవేలికి ఇత్తడి టోపీ. పిల్లలు ఆడుతున్నారా, పాడుతున్నారా, పడిపోయారా, ఆయనకు పట్టదు. చూపంతా చంకల మీద, నడుముల మీద. పిల్ల స్టేజీ దిగగానే రెండు తీర్పుల్లో ఏదో ఒకటి చెప్పేవాడు: "కుట్టు ఆగింది", లేదా "కుట్టు ఆగలే". మూడో మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఒక పాప రుద్రమదేవిగా గుర్రం దిగుతూ భారతదేశమంతా కదిలిపోయే డైలాగు చెప్పి, ముందు వరసలోని అమ్మలందరూ కళ్ళు తుడుచుకుంటుంటే, ఆయన కళ్ళజోడు సవరించుకుని "కుట్టు ఆగింది" అని బస్సుకు వెళ్ళిపోయాడు.

ఇలాంటి మనిషి మీదికి గ్రహరక్షక్ వచ్చి పడ్డాడు.

పెద్దవాళ్ళు మరిచిపోయి ఉంటారు కాబట్టి చెప్తాను. గ్రహరక్షక్ అంటే ఆకాశంలో కాపలా తిరిగే ఒక వీరుడు. ఒళ్ళంతా కవచం, తలకు డబ్బాలాంటి హెల్మెట్. ఆపదలో ఉన్న గ్రహాలను కాపాడటం అతని ఉద్యోగం. ముందు టీవీ సీరియల్ వచ్చింది, సాయంత్రం ఐదున్నరకు. తర్వాత సినిమా వచ్చింది. పేరు ఒకటే, కథా ఒకటే. అందుకని ఇద్దరూ ఒకటేనని ఊరంతా అనుకుంది. కానేకాదని మొత్తం వరంగల్లులో గ్రహించింది డ్రెస్సుల కాక ఒక్కడే. షాపు మూలలో అరచేతంత టీవీ పెట్టుకుని ప్రతిరోజూ చూసేవాడు. సినిమాకు నాలుగుసార్లు వెళ్ళాడు, టేపు పట్టుకుని.

గ్రహరక్షక్ డ్రెస్సు కావాలని ఎవరొచ్చినా మొదటి ప్రశ్న, "సినిమాదా, టీవీదా?"

"ఏదైతే ఏంది కాకా?" అని ఒకసారి నోరుజారాను.

ఆయన దారాన్ని పంటితో కొరికాడు. ఆ చప్పుడుకు సందులో పడుకున్న కుక్క లేచి వెళ్ళిపోయింది.

"ఏదైతే ఏందా? సినిమాలోటోని కవచం నలుపు. టీవీలోటోనిది బూడిద. ఆయనకు నడుముకు ఐదు లైట్లు. గీనికి మూడే. ఆయనది కుడిచెయ్యి వాటం, గీనిది ఎడమ. నువ్వు దుకాణంల పట్టుచీర అడిగినోళ్ళకు నైలెక్సు కట్టిస్తవా?"

"నేను కట్టిస్తా కాకా."

"నువ్వు కట్టిస్తవ్. నాకెర్క."

అసలు తేడా ఆ తర్వాత చెప్పాడు. సినిమా రక్షక్ ఒక్క మాట మాట్లాడడు. ముఖం మీది రేకు ఎత్తడు. టీవీ రక్షక్ చెవి దగ్గర మీట నొక్కితే రేకు పైకి లేస్తుంది, ముఖం కనపడుతుంది, మాట్లాడతాడు.

"సినిమాలోటోడు టైం లేనోడు," అన్నాడు కాక. "రెండు గంటలల్ల పన్నెండు గ్రహాలు కాపాడాలె. ఇగ ఎప్పుడు మాట్లాడ్తడు? టీవీలోటోడు తీరికున్నోడు. ఒక్క గ్రహం మీదనే ఏడాది సంది ఉన్నడు."

నేను నవ్వాను. సాయంత్రం ఐదున్నరంటే మా దుకాణంలో ఊపిరాడని వేళ. ఆ సీరియల్ నేను ఒక్క రోజూ చూడలేదు. కాని ఒక్క మాట మాత్రం చెవిలో పడి గట్టిగా అతుక్కుంది. సినిమా రక్షక్ మాట్లాడడు.

ఎందుకంటే మా అమ్మాయికి మాట తడబడేది. అప్పుడు నాలుగో తరగతి. బ, భ, ప, గ, ఈ అక్షరాల దగ్గర రైల్వే గేటు పడ్డట్టు మాట ఆగిపోయేది. పెదాలు సిద్ధంగా ఉంటాయి, కళ్ళు పెద్దవవుతాయి, మెడ నరం లేస్తుంది, మాట మాత్రం గేటవతల. నేనేమో మాటలమ్మి బతికేవాణ్ణి. దుకాణంలో కాలు పెట్టిన ఆడమనిషి నోరు తెరవక ముందే ఆమెకు ఏ రంగు కావాలో, ఆ రంగు ఆమె ఆడబిడ్డకు ఎందుకు నచ్చదో కూడా నేనే చెప్పేస్తాను. ఇంట్లోనూ అంతే. అమ్మాయి "బ" అనగానే "బస్సు వచ్చిందా? బ్యాగు కావాలా? బజ్జీలు తిందామా?" అని మూడు మాటలు తూకం వేసి ముందు పెట్టేవాణ్ణి. ఆమె ఏదో ఒకదానికి తల ఊపేది. సరైన మాటే అందించానని నేను మురిసిపోయేవాణ్ణి.

బడిలో ఏటా ఫ్యాన్సీ డ్రెస్ పోటీ. రెండో తరగతిలో ఆమెను పొద్దుతిరుగుడు పువ్వును చేశాను. మూడో తరగతిలో చెట్టును చేశాను. చెట్టు మాట్లాడాల్సిన పని లేదు కదా, చేతులు చాపి నిలబడితే చాలు. నా తెలివికి నేనే రెండురోజులు సంబరపడ్డాను. అప్పటినుంచి కాక నన్ను చెట్టు నాయినా అని పిలిచేవాడు, నేను హాయిగా పలికేవాణ్ణి. క్లాసులో పిల్లలు కూడా మా అమ్మాయిని "చెట్టు" అని పిలుస్తున్నారని నాకు ఏడాది దాకా తెలియదు. మాట్లాడదు కాబట్టి చెట్టు. మా ఆవిడే కనిపెట్టి చెప్పింది. "ఈసారి కూడా నోరు తెరవకపోతే పదో తరగతి దాకా అదే పేరట. రోజూ రాత్రి దిండుల మొఖం పెట్టి ఏడుస్తాంది," అంది.

ఆ ఏడు బడివాళ్ళు కాగితం పంపారు. ప్రతి బిడ్డా తాను ఎవరో సొంత గొంతుతో చెప్పాలి. ఒక్క నిమిషం. నిమిషం దాటితే గంట కొడతారు. ఏ పాత్రో పిల్లలే ఎంచుకోవాలి.

అమ్మాయి కాగితం మీద రాసి చూపించింది: గ్రహరక్షక్.

నా గుండెలోంచి బస్తా దిగినట్టయింది. మాట్లాడని వీరుడు! వాడు మాట్లాడడని సినిమా చూసిన జడ్జీలందరికీ తెలుసు. రేకు కింద ముఖం కూడా కనపడదు. అమ్మాయిని స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని విజయయాత్రలా కాక షాపుకు వెళ్ళాను.

"సినిమాదా, టీవీదా?"

"సినిమాది కాకా."

కాక నన్ను చూడలేదు. అమ్మాయిని చూశాడు. "బిడ్డా, నువ్వు చెప్పు."

ఆమె నోరు తెరిచింది. గేటు పడింది.

"సినిమాదే కాకా, నల్లది, ఐదు లైట్లది," అన్నాను.

"నిన్నడిగిన్నా?" ఇత్తడి టోపీ వేలు నా వైపు లేచింది. "చెట్టు నాయినా, జర బయటకు పో. నీ బండి కింద వడతట్టున్నది."

బండి స్టాండు మీద బండరాయిలా నిలబడి ఉంది. అయినా వెళ్ళాను. బండి అద్దంలోంచి లోపలికి చూస్తూ నిలబడ్డాను. కాక పీట మీద కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. అమ్మాయి పెదాలు కదులుతున్నాయి, ఆగుతున్నాయి, కదులుతున్నాయి. ఒకసారి ఆమె చెయ్యి ఎత్తి ఛాతీ మీద పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. లోపలికి పరిగెత్తి ఆ మాటేదో అందించి రావాలని కాళ్ళు పీకాయి. కాక మాత్రం కదల్లేదు, సూది కూడా ముట్టుకోలేదు. సందులో రెండు ఆటోలు వచ్చిపోయాయి, ఒక పెళ్ళి ఊరేగింపు వచ్చిపోయింది. నా లెక్కన ఒక యుగం గడిచింది. ఆమె బయటికి వచ్చింది. చేతిలో సంచి. సంచిలో బూడిద రంగు.

"కాకా, ఇది టీవీది!"

"బిడ్డ అదే అడిగింది."

"ఆమెకు నత్తి కాకా. స్టేజీ మీద నాలుగువందల మంది ముందర..."

"తెల్సు. నేను చెవిటోణ్ణా?"

"సినిమాది ఇయ్యి."

"కిరాయకు పోయింది." సినిమాది ఆయన తల వెనక మేకుకు వేలాడుతూ, ఐదు లైట్లతో నన్నే చూస్తోంది. దాన్ని దాచే ప్రయత్నం కూడా చేయలేదాయన.

పోటీకి ఇంకా వారం. నేను ఓడిపోయే రకం కాదు. టీవీ రక్షక్ చెప్పే డైలాగు కనుక్కున్నాను: "భయపడకండి. నేను వచ్చాను. ఈ గ్రహం మీద ఒక్క దీపం కూడా ఆరనివ్వను." మొదటి అక్షరమే "భ". రాసినవాడికి మా ఇంటి మీద పాత కక్ష ఏదో ఉండి ఉండాలి. చీరల గోడౌనులో తలుపులు వేసుకుని ఆ డైలాగును నా గొంతుతోనే ఫోనులో రికార్డు చేశాను. మా ఆవిడ విని, "దున్నపోతు బురదల దిగినట్టున్నది," అంది. ఫోనులో ఏదో మీట నొక్కి గొంతు సన్నబరిచాను. ఈసారి ఉడుత ఏడ్చినట్టు వచ్చింది. ఉడుతే నయమనుకున్నాను. మైకు సెట్టు మనిషిని పట్టుకుని, నా ఫోను ఆయన డబ్బాకు తగిలించే ఏర్పాటు చేసుకున్నాను. అమ్మాయికి ఏమీ చెప్పలేదు. "రేకు ఎత్తకు బిడ్డా, దించుకునే ఉండు, అదే స్టైల్," అని మాత్రం చెప్పాను. ఆమె తల ఊపింది.

పోటీ రోజు పదకొండు గంటలకే రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. ముందు దుప్పట్ల మీద పిల్లలు, వెనక కుర్చీల్లో మేము. నాకైతే ఓరుగల్లు కోట మీదికి దండెత్తి వచ్చినంత జనం కనపడ్డారు. జడ్జీలు ముగ్గురు. మధ్యలో ఉన్న పెద్దమనిషి చేతిలో ఇత్తడి గంట. మా అమ్మాయిది పద్నాలుగో నంబరు. నేను మైకు సెట్టు పక్కన స్టూలు మీద, బొటనవేలు ఫోను మీద పెట్టి కూర్చున్నాను. పదో నంబరు బిడ్డ మాట మరిచి ఏడ్చింది, గంట మోగింది. పదకొండో నంబరు నిమిషం దాటాడు, గంట మోగింది. గంట మోగినప్పుడల్లా నా మోకాలు దానంతట అది ఎగిరిపడింది. పదమూడో నంబరు వంకాయ. వంకాయ విటమిన్ల జాబితా ఊపిరి తీయకుండా చెప్పి చప్పట్లు కొట్టించుకుని దిగింది.

పద్నాలుగు.

బూడిద కవచంలో మా అమ్మాయి మెట్లెక్కింది. మధ్యలో నిలబడింది. రేకు దించి ఉంది. నేను నొక్కబోయాను. అంతలో ఆమె చెవి దగ్గర మీట నొక్కింది. రేకు పైకి లేచింది. ముఖమంతా తేటగా బయటపడింది.

నా పథకం కూలిపోయింది. ఇప్పుడు ఉడుత గొంతు వదిలితే, కదలని ఆ పెదాలను నాలుగువందల మంది చూస్తారు. వదలకపోతే చెట్టు.

ఆమె ఎడమచెయ్యి ఛాతీ మీద పెట్టుకుంది. నోరు తెరిచింది. మెడ నరం లేచింది. గేటు పడింది.

ఆ నిశ్శబ్దం నాకు ఆమెకు మాటలొచ్చినప్పటినుంచీ తెలుసు. పది సెకన్లు. పదిహేను. వెనక ఎవరో దగ్గారు. కుర్చీ కిర్రుమంది. జడ్జీగారు పక్కాయనతో, మైకు దగ్గరున్నది మరిచిపోయి, "ఈ క్యారెక్టర్ మాట్లాడదు కదా, సినిమా చూశాం. సరే, నెక్స్ట్," అన్నారు. చెయ్యి గంట మీదికి వెళ్ళింది.

నా బొటనవేలు కిందికి దిగింది. దిగిందంటే దిగబోయింది. మణికట్టు ఎముక మీద చల్లటి ఇత్తడి ఏదో బిగుసుకుంది.

"ఆగు," అన్నాడు కాక. తలుపు దగ్గరనుంచి ఎప్పుడు వచ్చాడో తెలియదు.

"వదులు కాకా, గంట కొడతాండు!"

"ఆగుమంటాన్న. ఆగుడే ఉన్నది దాంట్ల." కళ్ళు స్టేజీ మీదినుంచి తిప్పకుండానే గొణిగాడు. "టీవీలోటోడు మాట్లాడే ముందర ఆగుతడు. చెయ్యి గుండె మీద పెట్టి, మ్యూజిక్ అంత అయిపోయేదాక ఆగుతడు. ఒక్కోపాలి మధ్యల ప్రకటనలొచ్చి పోతయ్. సినిమాలోటోనికి గంత తీరిక యాడిది?"

"నువ్వు నేర్పినవా?"

"నేనెక్కడ నేర్పిన? బిడ్డనే నాకు చెప్పింది. గా రోజు నిన్ను బయటకు పంపింది గందుకే."

అప్పుడు చూశాను ముందు దుప్పట్ల వైపు. పిల్లలు ఒక్కరూ నవ్వడం లేదు. అందరి మెడలూ నిక్కి ఉన్నాయి. ఒకరిద్దరు తెలియకుండానే ఎడమచేతులు ఛాతీల మీద పెట్టుకున్నారు. రోజూ ఐదున్నరకు ఆ ఆగడం కోసమే బతికే జనం వాళ్ళు. ఒక పిల్ల లేచి నిలబడి, "సార్, అది టీవీది సార్! ఇప్పుడు మాట్లాడ్తది, ఆగుండ్రి సార్!" అని జడ్జీగారి మీద కేక వేసింది. జడ్జీగారి చెయ్యి గాలిలో ఆగింది.

"భయపడకండి," అంది మా అమ్మాయి.

షెడ్డులో ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు నాకు మొదటిసారి వినపడింది. "నేను వచ్చాను." మళ్ళీ చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. "ఈ గ్... గ్..." నిమిషం అయిపోయింది. ఠంగున గంట మోగింది. నేను కళ్ళు మూసుకున్నాను. కాక పట్టు వదల్లేదు. ఆమె గంట వైపు చూడలేదు, చెయ్యి దించలేదు. మెట్ల మీద పదిహేనో నంబరు టమాట సిద్ధంగా నిలబడింది, ఎవరో టీచరు "దిగమ్మా" అంటున్నారు. ఆమె ఆగింది. ప్రకటనలన్నీ వచ్చిపోయేంతసేపు ఆగింది. "గ్రహం మీద ఒక్క దీపం కూడా ఆరనివ్వను." మీట నొక్కి రేకు దించుకుని, నడుచుకుంటూ దిగింది. పరిగెత్తలేదు.

పిల్లల అరుపులకు రేకులు లేచి కాజీపేట స్టేషన్లో పడ్డాయని నేను తర్వాత చాలామందికి చెప్పాను. టైం దాటింది కాబట్టి మార్కులు లేవన్నారు. మొదటి బహుమతి వంకాయకు వెళ్ళింది. కాని పిల్లలు రక్షక్ చుట్టూ మూగి, ఒకసారి మీట నొక్కనివ్వమని బతిమాలుతున్నారు. వాళ్ళలో ఒక్కరూ పాత పేరుతో పిలవలేదు.

కాక గుంపును తోసుకుంటూ వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె ఎడమచెయ్యి ఎత్తించి చంక చూశాడు. అంతసేపు చెయ్యి ఛాతీకి అదిమిపెట్టడంతో అక్కడ నాలుగువేళ్ళంత చిరిగింది. కాలరులోంచి సూది తీశాడు.

"ఎట్లుంది కాకా?" అని అడిగాను.

"కుట్టు ఆగలే," అన్నాడు. దారం కొరికాడు. "ఆగకపోయినా మంచిదే."

డ్రెస్సుతో పాటు ఆయనా షాపుకు రావాలి కాబట్టి ముగ్గురం స్కూటర్ ఎక్కాం. సంచిలో పెడితే హెల్మెట్ నలుగుతుందని కాక దాన్ని తలకే పెట్టుకున్నాడు. అరవై దాటిన గ్రహరక్షక్ నా వెనక కూర్చుని, దారిపొడవునా గుంతలు వచ్చినప్పుడల్లా నన్ను తిట్టాడు. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ పోలీసు మమ్మల్ని చూసి చెయ్యి ఎత్తడం మరిచిపోయాడు.

"ఇగ నన్ను చెట్టు నాయిన అనకు కాకా," అన్నాను దారిలో. "బిడ్డకు ఆ పేరు పోయింది."

"అనను. ఇగ చెట్టువు నువ్వే గావాలె. నిలవడు, మాట్లాడకు. ఏం కాదు."

ఎండకు తట్టుకోలేక చెరుకురసం బండి దగ్గర ఆపాను. మేము ఎప్పుడూ తాగే బండే. ఆయన మమ్మల్ని చూడగానే గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. నేను నోరు తెరిచాను. "నేను చెప్త డాడీ," అంది అమ్మాయి.

బండాయన ముందుకు వెళ్ళి నిలబడింది. "మూడు," అంది. "ఒక దాంట్లో బ..."

గేటు పడింది. నాకు మాట తెలుసు. బర్ఫ్, అంటే ఐసు, ఎక్కువ. ప్రతిసారీ నేనే చెప్పే మాట. నాలుక చివరకు వచ్చి కూర్చుంది. బండాయన అలవాటుగా నా వైపు చూశాడు. నేను చెరుకు పిప్పి వైపు చూశాను, ఆకాశం వైపు చూశాను. ఒళ్ళంతా దురద పెట్టినట్టుంది. పక్కన కాక హెల్మెట్ తీయకుండానే మీట నొక్కి, రేకు లేపి, రసం కోసం తీరిగ్గా నిలబడ్డాడు. బండాయన ఇనుప చక్రం తిప్పడం ఆపాడు.

"బర్ఫ్ వద్దు," అంది అమ్మాయి.

"వద్దా?" బండాయన తెల్లబోయాడు. "సారు రోజు ఎక్కువ వెయ్యమంటడు గదా, పాపకు ఇష్టమని?"

ఆమె మళ్ళీ ఆగింది. మేం ముగ్గురం ఆగాం.

"ప... పండ్లు జివ్వుమంటయ్."

"ఎప్పటి సంది బిడ్డా?" అని అడిగాను.

"మ" దగ్గర ఆమెకు ఏ గేటూ లేదు. జవాబు వెంటనే వచ్చింది.

"మొదటి సంది, డాడీ."